రోగి మాట – వినెడి విద్య



చిన్ననాట మన యిండ్లలో అమ్మమ్మలు కథ చెప్పుటకు ముందు ఒక కట్టడి చేసెడివారు. "ఊఁ కొడితేనే కథ" అనెడివారు. మనము ఊఁ కొట్టుచున్నంతసేపు కథ సాగెడిది. ఊఁ ఆగినచో బిడ్డ నిద్రపోయెనని యెఱిగి వారును కథ నాపెడివారు. ఆ ఊఁ అను పలుకునకు అర్థమేమి? 'నీవు చెప్పినది నిజము' అని కాదు. 'నాకు బోధపడినది' అనియు కాదు. 'వినుచున్నాను, ఇంకను చెప్పుము' అని మాత్రమే. నేనిప్పుడు ఈ గదిలో ఒంటరిగా కూర్చుండి మాటలాడుచున్నాను. నాకు ఊఁ కొట్టువారు లేరు. మీరు వినుచున్నారో, కునుకుచున్నారో నాకు తెలియదు. కావున ఒకచోట తొందరపడుదును, మఱొకచోట చెప్పినదే చెప్పుదును. ఆ యొక్క పలుకు లేకపోవుటచే మాట యెంత కుంటుపడునో ఇట్టి గదిలో కూర్చున్నవారికి బాగుగా తెలియును.

ఇట్టి చిన్న పలుకులను, ఆ పలుకుల నడుమనుండు మౌనములను శ్రద్ధగా పరిశీలించెడి శాస్త్రమొకటి కలదు. దానిని సంభాషణ విశ్లేషణమందురు. వైద్యుని గదిలో రోగికిని వైద్యునికిని జరుగు మాటలను ఈ శాస్త్రరీతిని పరిశీలించుటను నేను ముదిమిలో నేర్చుకొంటిని. ఎట్లు నేర్చుకొంటినో, అందు నాకేమి తెలిసినదో, మన గ్రామములలోని పెద్దలకు దానివలన ప్రయోజనమేమో ఈ కొద్ది సమయములో విన్నవించెదను.

నేను వైద్యుడను కాను. కోనసీమలో ముప్పది రెండు సంవత్సరములు తెలుగు పండితుడుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. నా శిష్యుడొకడు వైద్యవిద్య చదివి, రోగులు తమ బాధను ఎట్లు చెప్పుకొందురో, వైద్యులు దానిని ఎట్లు విందురో తెలిసికొనబూనెను. రోగుల సమ్మతిని ముందుగా వ్రాతమూలమున పొంది, వైద్యుని గదిలో జరిగిన మాటలను యంత్రమున పట్టి తెచ్చెను. అందలి మాటలను కాగితముపై పెట్టెడి పని నాకు అప్పగించెను. పేర్లుగాని, ఊళ్లుగాని వ్రాయరాదని మొదటనే ఒట్టు పెట్టుకొంటిమి. "మాస్టారూ, ఉన్నది ఉన్నట్టు రాయండి, అంతే" అని అతడు చెప్పినపుడు, అదెంత పని యని నేను నవ్వితిని.

మొదటి దినమున నాలుగు నిమిషముల సంభాషణను అరగంటలో వ్రాసి ముగించి చూపితిని. శిష్యుడు చదివి, మర్యాదకు లోపము రానీయక, "చాలా బాగుందండి, మాస్టారూ. కాని ఇందులో రోగి లేడండి" అనెను. నాకు కోపము వచ్చినది. అపుడతడు యంత్రమును మఱల త్రిప్పి వినిపించెను. ఆ రోగి కూలిపని చేసికొను మనుష్యుడు. అతడన్న మాట యిది: "మరేనండి… రేత్రి పడుకున్నాక… ఇక్కడ… ఇలా పట్టేసినట్టుంటాదండి." నేను వ్రాసినదో: "రాత్రి శయనించిన పిమ్మట ఱొమ్ము పట్టివేసినట్లుండును." ముప్పది రెండేండ్ల అలవాటున తప్పులు దిద్దితిని. దిద్దుటలో అతని తడబాటు పోయినది. 'ఇక్కడ' అని చేతితో చూపిన చోటు పోయినది. చెప్పుటకు ముందు అతడు వెనుకాడిన క్షణము పోయినది. వ్యాకరణము మిగిలినది, మనిషి పోయినాడు.

ఆ రాత్రి నాకు గిడుగు రామమూర్తి పంతులుగారు జ్ఞప్తికి వచ్చిరి. వారు సవరల భాషను సవరల నోటనుండియే విని నేర్చి, 1931లో ఆ భాషను నేర్పు గ్రంథమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. 1936లో పర్లాకిమిడి విడిచి మన రాజమహేంద్రవరమునకు వచ్చి నివసించిరి. జనుల నోటిమాటను తప్పని త్రోసివేయక చెవియొగ్గి వినుడని జీవితమంతయు చెప్పిన మహనీయులు వారు. నేను గ్రంథభాషాపక్షము వాడను. ఇప్పటికిని ఈ భాషలోనే మాటలాడుచున్నాను. అయినను వారి ఉపదేశము నాకు ఒక కూలివాని యెదరొమ్ము నొప్పిమూలమున బోధపడవలసివచ్చెను.

అటుపిమ్మట సరిగా వ్రాయుట నేర్చుకొంటిని. ఈ వ్రాతకు గెయిల్ జెఫర్సన్ అను అమెరికా విదుషి యేర్పఱచిన గుర్తులు కలవు. మౌనమును సెకనులో పదియవ వంతువరకు కొలిచి కుండలీకరణములలో వ్రాయవలెను. ఒకరి మాటపై మఱొకరి మాట పడినచో, ఎచ్చట పడెనో చదరపు కుండలీకరణములతో చూపవలెను. సాగదీసిన అచ్చునకు, గొంతు తగ్గించి పలికిన మాటకు, నవ్వునకు, మాటకు ముందు లోనికి తీసికొన్న ఊపిరికి సైతము వేర్వేరు గుర్తులు కలవు. ఒక్క నిమిషపు మాటను వ్రాయుటకు నాకు గంటకు పైగా పట్టెడిది. అంత శ్రమ యెందులకని మీరడుగవచ్చును. నేనును అడిగితిని. దానికి సమాధానము ఈ శాస్త్రము పుట్టిన కథలో ఉన్నది.

1963-64 సంవత్సరములలో హార్వే సాక్స్ అను యువకుడు లాస్ ఏంజిల్స్ నగరమందలి ఆత్మహత్యా నివారణ కేంద్రమునకు వచ్చెడి టెలిఫోను మాటలను పరిశీలింపసాగెను. ప్రాణముపై విసిగినవారు ఆ కేంద్రమునకు టెలిఫోను చేసెడివారు. వారి పేరు తెలిసికొనుట కేంద్రమువారికి అవసరము. చెప్పుట వారికి కష్టము. మీ పేరేమి యని సూటిగా అడిగినచో 'ఎందులకు?' అని యెదురు ప్రశ్న వచ్చును. కావున కేంద్రమువారు ముందుగా తమ పేరు చెప్పెడివారు. ఒకరు పేరు చెప్పగా రెండవవారును తమ పేరు చెప్పుట లోకమర్యాద. పలువురు అట్లే చెప్పిరి. ఒకరు మాత్రము, తమకు సరిగా వినబడలేదనిరి. కేంద్రమువారు మఱల తమ పేరు చెప్పిరి. ఈ సందడిలో అవతలివారు తమ పేరు చెప్పవలసిన చోటు దాటిపోయెను. వినబడకపోవుట చెవి దోషమే కానక్కఱలేదు, పేరు దాచుకొనుటకు ఉపాయమును కావచ్చునని సాక్స్ గ్రహించెను. సంభాషణలో ప్రతి చిన్న పలుకును ఏదో ఒక పని చేయుచున్నది. ఆ పని యేదో కనుగొనవలెను – ఇదియే ఈ శాస్త్రమునకు మూలము. 1974లో సాక్స్, ఇమాన్యుయేల్ షెగ్లాఫ్, జెఫర్సన్ ముగ్గురును కలిసి, మనుష్యులు మాటలో వంతులు పంచుకొను విధమును వివరించు వ్యాసమును ప్రకటించిరి. మఱుసటి సంవత్సరమే సాక్స్ రోడ్డు ప్రమాదమున మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 40 సంవత్సరములు.

ఈ శాస్త్రము చెప్పు సంగతులు మన యెఱుకలో లేనివి కావు. ఒక యుదాహరణము చెప్పెదను. "రేపు మా ఇంటికి భోజనానికి రండి" అని మీరు ఒకరిని పిలిచితిరి. వచ్చువారు "అలాగేనండి" అని వెంటనే అందురు. రానివారు వెంటనే 'రాను' అనరు. ముందు ఒక క్షణము ఊరకుందురు. పిమ్మట "అబ్బే… రావాలనే ఉందండి గాని…" అని మొదలుపెట్టుదురు. ఆ 'గాని' వఱకు రాకముందే, ఆ క్షణపు మౌనముననే, వారు రారని మీకు తెలిసిపోవును. ఒప్పుకోలు త్వరగా వచ్చును. కాదనుట ఆలస్యముగా వచ్చును. దీనిని ఈ శాస్త్రజ్ఞులు యంత్రములతో పట్టి, కొలిచి, స్థిరపఱచిరి. 2009లో పది భాషలలో చేసిన పరిశోధన యొకటి వెలువడెను. ప్రశ్నకును సమాధానమునకును నడుమనుండు వ్యవధి ఆ భాషలన్నింటిలో సగటున సెకనులో అయిదవ వంతునకు అటునిటుగా ఉన్నదనియు, ఒప్పుకొను సమాధానములే త్వరగా వచ్చుననియు తేలినది. ఆ పది భాషలలో మన తెలుగు లేదు.

ఇప్పుడు దీనిని వైద్యుని గదిలోనికి తీసికొనివత్తము. వైద్యుడు "మందులు సరిగ్గా వేసుకుంటున్నావా?" అని అడిగెను. రోగి ఒక సెకను ఊరకుండి, "ఆ… వేసుకుంటున్నానండి" అనెను. కాగితముపై మాట మాత్రము వ్రాసినచో, ఈ రోగి మందులు పుచ్చుకొనుచున్నాడు. మౌనమును గూడ వ్రాసినచో, సందేహము కలుగుచున్నది. మందులు కొనుటకు డబ్బు చాలలేదేమో, రెండు పూటల మందును ఒక పూటకు కుదించుకొనుచున్నాడేమో, మఱొక నాటువైద్యము నడుచుచున్నదేమో. ఆ మౌనము వినినవైద్యుడు ఇంకొక ప్రశ్న వేయును. విననివాడు మందు ఎక్కువచేసి వ్రాయును.

విదేశములలో ఇట్టి పరిశోధన బహుకాలముగా జరుగుచున్నది. 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అను ఇరువురు అమెరికాలో 74 సంభాషణలను పరిశీలించిరి. రోగి తన బాధను మొదలుకొని చివరవఱకు చెప్పుకొనగలిగినవి అందు 17 మాత్రమే. తక్కినవానిలో పెక్కింట, రోగి నోరు విప్పిన తరువాత సగటున 18 సెకనులకే వైద్యుడు అడ్డు వచ్చెను. అడ్డు వచ్చుట పొగరువలన కాదు. మొదట చెప్పినదే ముఖ్యమైన బాధ యనుకొని, దానిని గూర్చిన ప్రశ్నలలోనికి దిగిపోవుటవలన. కాని రోగి మొదట చెప్పునది ఎల్లప్పుడును ముఖ్యమైనది కాదు. సులభముగా చెప్పదగినదానిని ముందు చెప్పి, కష్టమైనదానిని గుమ్మము దాటునపుడు చెప్పువారు మనలో ఎందరు లేరు?

2007లో జాన్ హెరిటేజ్ అను పండితుడును ఆయన సహచరులును ఇంకొక అడుగు ముందునకు వేసిరి. 20 మంది వైద్యులు, 224 మంది రోగులు ఆ పరిశోధనలో పాల్గొనిరి. రోగులు లోనికి వెళ్లుటకు ముందే తమ బాధలన్నియు కాగితముపై వ్రాసిరి. రోగి మొదటి బాధ చెప్పిన పిమ్మట, కొందఱు వైద్యులు 'ఇంకను చెప్పవలసినది కొంత ఉన్నదా' అను భావము వచ్చునట్లు అడిగిరి. మఱికొందఱు 'ఇంకేమైనను ఉన్నదా' అను భావము వచ్చునట్లు అడిగిరి. ఆంగ్లమున ఈ రెండు ప్రశ్నలకు నడుమ భేదము ఒక్క మాట మాత్రమే. మొదటి ప్రశ్న 'ఉన్నది' అను సమాధానమునకు త్రోవ తీయును. రెండవది 'లేదు' అను సమాధానమువైపు మొగ్గును. మొదటి విధముగా అడిగిన వైద్యుల యొద్ద, చెప్పక మిగిలిపోయిన బాధలు నూటికి 78 వంతులు తగ్గిపోయెను. రెండవ విధముగా అడిగినవారికి, అసలు అట్లు అడుగనివారికంటె చెప్పుకొనదగిన లాభము కలుగలేదు. ఇంతకును మొదటి ప్రశ్నవలన వైద్యుని కాలము ఎక్కువ పట్టనేలేదు. ఒక్క మాట మార్చుటకు ఖర్చు లేదు, యంత్రము లేదు, మందు లేదు.

ఈ సంగతి చదివినపుడు నేను పొంగిపోయి, మన వైద్యులకును ఆ ప్రశ్ననే తెలిగించి యిత్తమంటిని. శిష్యుడు ఒప్పుకొనలేదు. ఆంగ్లములోని ఆ రెండు మాటల భేదము మన తెలుగున అట్లే లేదనియు, మన ప్రశ్న యెటు మొగ్గునో మన మాటలను విని తెలిసికొనవలెననియు అతడు చెప్పెను. అది నిజమే. "ఇంకేమీ లేవు కదా?" అని మన వైద్యులు తఱచుగా అడుగుదురు. ఆ 'కదా' లోనే సమాధానము ఉన్నది. "లేవండి" అని రోగి లేచిపోవును. "ఇంకేం ఉన్నాయి, చెప్పమ్మా" అని ఆగినచో, ఉన్నదని నమ్మి అడిగినట్లుండును. వీనిలో ఏది యెంత పనిచేయునో, మన మాటలను పట్టి, వ్రాసి, ఎంచిన తరువాతగాని నిశ్చయించి చెప్పరాదు. ఈ శాస్త్రము నేర్చుకొనుటలో కష్టమైన పాఠమిదియే. ముందుగా ఊహించుకొని వినరాదు. వినిన పిదపనే ఊహింపవలెను.

మన గోదావరి మండలములో ఇట్టి మాటలకు ఎంత విలువ గలదో తెలుపు నిదర్శన మొకటి కలదు. అప్పటి ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో, 1,80,162 మంది జనుల నడుమ, 2003-04 సంవత్సరములలో ఒక పరిశోధన జరిగెను. పల్లెలలో మరణించువారిలో పెక్కుమంది యింటనే మరణింతురు. ఏ జబ్బువలన పోయిరో వ్రాసియుంచు వైద్యుడుండడు. కావున శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు, మరణము జరిగిన యింటికి వెళ్లి, ఆ యింటివారితో మాటలాడి, చివరి దినములలో రోగికి ఏమేమి బాధలు కలిగెనో అడిగి వ్రాసికొనిరి. వైద్యులు ఆ పత్రములను చదివి మరణకారణమును నిర్ణయించిరి. పండ్రెండు నెలలలో 1,354 మరణములు నమోదయ్యెను. వానిలో నూటికి 98 మరణములనుగూర్చి ఇట్టి సంభాషణ జరిగెను. దుఃఖములోనున్న యిండ్లలో నూటికి 98 మంది తలుపు మూయక మాటలాడిరన్న మాట.

2006లో వెలువడిన ఆ ఫలితములు పలువురి నాశ్చర్యపఱచెను. మన పల్లెలలో జనులు అంటురోగములచేతనే ఎక్కువగా చనిపోవుదురని లోకమనుకొనుచుండెను. తేలినదేమనగా, నూటికి 32 మరణములు గుండెజబ్బు, పక్షవాతము మొదలగు రక్తప్రసరణ వ్యాధులవలన. అంటురోగములవలన కలిగినవి నూటికి 12 మాత్రమే. ఏ యంత్రమును రోగి శరీరమున పెట్టలేదు. వాకిట కూర్చుండి అడిగిన ప్రశ్నలును, ఇంటివారు చెప్పిన సమాధానములును మాత్రమే ఈ సత్యమును బయటపెట్టెను. ఆ పరిశోధన సంభాషణ విశ్లేషణము కాదు. అచ్చట చూచినది ఏమి చెప్పిరన్నది. ఇచ్చట మేము చూచునది ఎట్లు చెప్పిరన్నది. కాని అట్టి ప్రశ్న వేయు విధములో పొరపాటున్నచో, వచ్చు సమాధానములోను పొరపాటుండును గదా. కావున మొదటి విద్యకు రెండవ విద్య తోడు కావలెను.

ఇక మన ప్రాంతపు పలుకు నొకదానిని గూర్చి చెప్పవలెను. 'ఆయ్' అను మన మాటను విని పొరుగు జిల్లాలవారు నవ్వుదురు. అది మన వినయమునకు గుర్తని మనము మురియుదుము. మేము వ్రాసిన కాగితములలో ఈ 'ఆయ్' పదులకొలది యున్నది. వైద్యుడు చెప్పును: "ఈ తెల్ల బిళ్ళ పొద్దున్న." రోగి "ఆయ్." "ఎర్ర బిళ్ళ రాత్రి, అన్నం తిన్నాక." "ఆయ్." "ఉప్పు తగ్గించాలి." "ఆయ్." వైద్యుడు సంతోషించి గంట కొట్టును; మఱొక రోగి లోనికి వచ్చును. ఒక పర్యాయము వైద్యుడు, ఏమి తోచెనో, "ఏదీ, నేను ఏం చెప్పానో చెప్పు, తాతా" అనెను. యంత్రములో మూడు సెకనుల మౌనము. పిదప తాతగారు, "తవరు చెప్పినట్టేనండి" అనెను. ఆయనకు ఏ బిళ్ల యెప్పుడో తెలియదు. ఆయన 'ఆయ్' అబద్ధము కాదు; అది అమ్మమ్మ కథకు కొట్టిన ఊఁ వంటిది. 'వినుచున్నాను, చెప్పండి' అని మాత్రమే ఆయన అనెను. వైద్యుడు దానిని 'తెలిసినది' అని వినెను. మాట యొక్కటే, పని రెండు. షెగ్లాఫ్ 1982లో ఆంగ్లములోని ఇట్టి పలుకును గూర్చి ఒక వ్యాసము వ్రాసి, అది అవతలివానిని ఇంకను మాటలాడనిచ్చుటకే యని నిరూపించెను. మన 'ఆయ్' కూడ అట్టిదే యని నాకు తోచినది.

ఇంతవఱకు శాస్త్రము చెప్పితిని. ఇక నా సంగతి చెప్పవలెను. అది చెప్పుటకే ఈ ప్రసంగమునకు ఒప్పుకొంటిని.

ఒక దినమున నాకు వచ్చిన సంభాషణలో మూడు గొంతులు వినబడెను: వైద్యుడు, ఒక పెద్దాయన, ఆయన కోడలు. రోగి కోడలు. వైద్యుడు ఆమెనే అడుగుచున్నాడు, పెద్దాయన చెప్పుచున్నాడు. "ఏమ్మా, ఎలా ఉంది?" "నీరసమండి దానికి. తిండి సరిగా తినదండి." నేను వంతుల నెంచితిని. వైద్యుడు వేసిన ప్రశ్నలు తొమ్మిది. ఆమె సమాధానము చెప్పినది రెండింటికి. రెండు తావులలో ఆమె ఊపిరి లోనికి తీసికొన్న చప్పుడు వినబడినది. అది నిట్టూర్పు కాదు. మాట మొదలుపెట్టబోవువారు తీసికొను ఊపిరి. దానికి వేయవలసిన గుర్తును నేనే వేసితిని. ఆ రెండు తావులలోను తరువాతి మాట పెద్దాయనదే. ఆయన చెడ్డవాడు కాడు. పని మానుకొని, ఛార్జీలు పెట్టుకొని, కోడలిని వైద్యునికి చూపతెచ్చినవాడు. ఆమెకు మాటలాడుట తెలియదని, తాను సాయపడుచున్నానని ఆయన నమ్మకము.

ఆ కాగితము ముగించి నేను లేవలేకపోతిని. ఆ పెద్దాయన గొంతులో నా గొంతు నాకు వినబడెను.

పదునెనిమిదేండ్ల క్రిందట మా అమ్మ చిక్కిపోవుచుండగా ఒక వైద్యుని యొద్దకు నేనే తీసికొనిపోతిని. ఆయన అడిగిన ప్రశ్నలకన్నింటికి నేనే సమాధానము చెప్పితిని. మాటలు నేర్చినవాడను గదా. చివరకు ఆయన ఆమెవైపు తిరిగి, "ఇంకేమన్నా ఉన్నాయా, అమ్మగారూ?" అని అడిగెను. మా అమ్మ పమిట సవరించుకొన్నది. నావైపు చూచినది. ఒక్క క్షణము గడచినది. "ఇంకేం లేవండి" అని నేనంటిని. ఆయన బలమునకు మందు వ్రాసి యిచ్చెను. ఏడు నెలల తరువాత, జ్వరముతోనున్న ఆమెకు స్నానము చేయించుచు, నా భార్య ఆమె ఱొమ్ములోని గడ్డను చూచినది. "ఇన్నాళ్లూ చెప్పలేదేమండీ, అత్తయ్యగారూ?" అని అడుగగా మా అమ్మ చెప్పిన మాట యిది: "ఆ రోజు చెబుదామనే అనుకున్నానమ్మా. అబ్బాయి పక్కనే ఉన్నాడు, ఎలా చెప్పను? ఇంతలో వాడే లేదనేశాడు." రెండు సంవత్సరములకు ఆమె కాలము చేసెను. ముందే తెలిసినచో బ్రతికియుండెడిదా యని వైద్యుల నడిగితిని. అట్లని చెప్పలేమనిరి. నేను ఏ వైద్యునిని తప్పు పట్టను. ప్రశ్న వేయవలసినవారు వేసిరి. సమాధానము చెప్పవలసినామె చెప్పబోయెను. నడుమ నేనుంటిని.

పెద్దలారా, మన పల్లెలలో రోగిని వైద్యుని యొద్దకు తీసికొనిపోవు భారము తఱచుగా మనపైననే పడును. ఈ విద్యవలన నేను నేర్చుకొన్న నాలుగు సంగతులను మీ ముందుంచుచున్నాను. వైద్యుడు రోగిని అడిగినపుడు రోగియే చెప్పవలెను. మనము చెప్పదలచినది తరువాత చెప్పవచ్చును. రోగి ఊరకున్నచో మనసులో అయిదు వఱకు లెక్కపెట్టి ఆగవలెను. ఆ మౌనము ఖాళీ కాదు. ఆడువారిని తీసికొనిపోయినపుడు, కొంతసేపు మనము గది బయట కూర్చుండి, తోడుగా మఱొక స్త్రీని లోన ఉంచవలెను. వైద్యుడు చెప్పిన మందులను 'ఆయ్' అని వినుటతో సరిపెట్టక, తిరిగి ఆయనకు ఒప్పచెప్పవలెను. తప్పున్నచో ఆయనయే దిద్దును.

ఈ శాస్త్రము రోగములను కుదుర్చునది కాదు. ఒక మౌనమునకు కారణమేమో అది నిశ్చయముగా చెప్పజాలదు. అచ్చట మౌనమున్నదని మాత్రము చూపును. వైద్యునికి దినమునకు నూరుమంది రోగులున్నచోట, ఎంత మంచి ప్రశ్నయైనను తొందరలో నలిగిపోవును. ఇతరుల మాటలను యంత్రమున పట్టుట యనునది వారి సమ్మతి లేక చేయరాని పని. చేసినపుడు వారి గుట్టును మన గుట్టుకంటె పదిలముగా కాపాడవలెను. ఈ హద్దులు తెలిసికొని చేసినచో, మన పిల్లలలో వైద్యము చదువుచున్నవారికిని, ఇల్లిల్లు తిరుగుచున్న ఆశా కార్యకర్తలకును నేర్పదగిన విద్య యిది. తెలుగున ఈ పని చేయవలసినది ఎంతయో ఉన్నది. తెలుగు వచ్చి, ఓపికగల చెవులున్న పెద్దలు దానికి తోడ్పడవచ్చును. నావంటి వ్యాకరణ పండితునికే పట్టుబడినది, మీకు కష్టము కాదు.

మీ యింట ఎవరికైనను ఒంట్లో బాగులేనపుడు ఈ సాయంకాలమే ప్రక్కన కూర్చుండి, "ఇంకేం ఉంది, చెప్పు" అని యొకమారు అడుగుడు. అడిగి ఊరకుండుడు. వారు చెప్పుచున్నంతసేపు ఊఁ కొట్టుడు.